రెండో గరిటె

శాన్ రామన్,
మార్చి 9

చెల్లెమ్మా లీలావతీ,

నా నోట్‌బుక్ పుస్తకమైపోతోంది! అచ్చు పుస్తకం! అట్ట మీద నా పేరు! మా పర్సిస్ నిన్న చెప్పింది. అప్పట్నించి నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ముందు నీకే చెప్పాలని పొద్దుటి మాత్రలు కూడా వేసుకోకుండా కూర్చుని రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే నా చెవుల సంగతి నీకు తెలిసిందే. మిషను పెట్టుకున్నా నీ గొంతు నాకు సముద్రం హోరులాగే వినపడుతుంది. నీ ఉత్తరమే నాకు నీ గొంతు.

ఎలా జరిగిందో చెప్తాను విను. నేను నాలుగేళ్ళుగా మన క్యాంపు సంగతులు రాసుకుంటున్నానని నీ ఒక్కదానికే తెలుసు. పర్సిస్‌కి తెలిసిందల్లా ఇంతే: అరవై రెండులో చైనాతో యుద్ధం వచ్చింది, వాళ్ళ తాత చైనావాడు, విశాఖపట్నంలో పళ్ళ డాక్టరు, అందుకని మమ్మల్నందర్నీ రైలెక్కించి రాజస్థాన్ ఎడారిలో ముళ్ళకంచె వెనకాల పెట్టారు. చిన్నప్పుడు అడిగితే ఒంటె కథ చెప్పేవాణ్ణి, తేలు కథ చెప్పేవాణ్ణి, నవ్వించేవాణ్ణి. అది ఇంకేమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. దానికి ఏభై దాటాయి, నాకు ఎనభై నిండాయి. పోయిన వారం ధైర్యం చేసి, నోట్‌బుక్ దాని హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టేశాను. మాట చెప్పకుండా, దొంగలాగా.

నిన్న అది సామాన్లు కొనడానికి కాస్ట్‌కో స్టోరుకి వెళ్ళింది. గంటలో వచ్చే మనిషి మూడు గంటలకి కూడా రాలేదు. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సామాన్లు కార్లో పెట్టుకుని, ఒక్క పేజీ చూద్దామని తీసి, పార్కింగ్ లాట్‌లోనే కూర్చుని మొత్తం చదివేసిందిట. ఫ్రోజెన్ బఠాణీలన్నీ నీళ్ళయిపోయాయి. నా ఎదురుగా నిలబడి, "నాన్నా, ఇది ప్రింట్ చేయిద్దాం. నేను టైప్ చేస్తాను" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నాయనమ్మ పేరు దేవకుమారి అని తెలుసు గానీ, నాయనమ్మ అంటే ఎవరో నాకు ఇవాళ తెలిసింది. ఇంకా ఏం జరిగింది నాన్నా?" అంది. నా పిల్ల నన్ను అడిగింది లీలా! అరవై ఏళ్ళకి ఒకళ్ళు అడిగారు!

ఏడో అధ్యాయం నీది. అమ్మ ఆదివారం భోజనాలది. పుస్తకానికి గుండెకాయ అదేనంటోంది పర్సిస్. నీ ఫోటో ఒకటి కావాలిట, నువ్వు సరేనన్నట్టు ఒక ముక్క కావాలిట. షిప్‌యార్డు వడ్రంగి లీ గారి అమ్మాయి, చైనా ముఖం, వైజాగ్ నోరు, అప్పటికి పద్నాలుగేళ్ళు, అని నీ గురించి మొదలుపెట్టాను. బావుందా?

ఇక్కడ కొండలు ఈ నెల పచ్చగా ఉన్నాయి. జూన్ వస్తే గడ్డి ఎండి అచ్చం ఆ ఎడారి రంగుకొస్తుంది. మధ్యాహ్నం కునుకు పట్టే వేళకి కొండ కింద మంచాలు వేసినట్టు, మధ్యలో అమ్మ నీలం చీర తెర కట్టినట్టు, అందరూ పళ్ళేలు పట్టుకుని వస్తున్నట్టు కనపడుతుంది. నాకు భయమేమీ వెయ్యదు. లేచి ఎదురెళ్ళాలనిపిస్తుంది.

వెంటనే రాయి.

నీ అన్నయ్య
సుందర్ రాజ్

—

షాంటిలీ,
మార్చి 24

అన్నయ్యా,

చాలా సంతోషం. పర్సిస్‌ని నా తరఫున ముద్దు పెట్టుకో. ఎనభై ఏళ్ళకి రచయితవయ్యావు, ఇక నిన్ను పట్టుకోవడం కష్టం. మాత్రలు మాత్రం వేసుకో. బీపీకి నువ్వు రచయితవని తెలియదు.

నన్ను ఆ పుస్తకంలోంచి తీసెయ్యి.

పేరు మార్చి రాస్తానంటావేమో, అదీ వద్దు. ఏడో అధ్యాయమే వద్దు. అనూరాధకి నేను క్యాంపులో ఉన్నట్టు తెలియదు. వాళ్ళ నాన్నకే చెప్పలేదు, ఆయన పోయి ఆరేళ్ళయింది. వైజాగ్‌లో పుట్టాను, నర్సింగ్ చదివాను, అమెరికా వచ్చాను. నా కూతురికి తెలిసిన అమ్మ ఆవిడే. ఆవిడతో దానికి ఏ ఇబ్బందీ లేదు.

మిగతా పుస్తకం అచ్చు వేయించుకో. మొదటి కాపీ నాకు పంపు. కోపం తెచ్చుకోకు.

మోకాలికి మళ్ళీ ఇంజెక్షన్ ఇచ్చారు. చెర్రీ పూలు వచ్చాయిట, చూడ్డానికి వెళ్ళలేదు.

లీలావతి

—

శాన్ రామన్,
ఏప్రిల్ 11

లీలా,

నీ ఉత్తరం పర్సిస్ కూడా చదివింది. "ఆంటీ వద్దంటే వద్దు నాన్నా" అని ఊరుకుంది. దానిది అమెరికా మర్యాద. నాకు అంత మర్యాద లేదు.

నువ్వు వద్దంటే ఏడో అధ్యాయం తియ్యను, పుస్తకమే మానేస్తాను. బెదిరింపు కాదమ్మా, ఆలోచించే అంటున్నాను. అది తీసేస్తే ఏం మిగిలింది? ఎండ, తేళ్ళు, కంచె, రోజుకి రెండుసార్లు హాజరు. మనం అక్కడ ఏడ్చామని చెప్పడానికి నాకు పుస్తకం అక్కర్లేదు. మనం అక్కడ మనుషుల్లా ఉన్నామని చెప్పడానికి కావాలి.

నువ్వు చదవకుండా వద్దన్నావు. చదివి వద్దను. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన ఆఫీసరు అమ్మతో, 'నీ పేరు లిస్టులో లేదమ్మా, నువ్వు తెలుగుదానివి, ఉండిపోవచ్చు' అన్నాడు. అమ్మ, 'మరి వీళ్ళకి అన్నం ఎవరు వడ్డిస్తారు బాబూ?' అని అడిగి జీపెక్కేసింది.

క్యాంపులో అన్నం ఇనప డ్రమ్ముల్లో వచ్చేది. అడుగున మాడు, పైన పలుకు. దాంతోపాటు ఉడకబెట్టిన గుమ్మడికాయ. గంట కొడితే పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడాలి. నెల తిరిగేసరికి జనం వరసలోనే నిలబడి, ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూడకుండా, గోడవైపు తిరిగి తినెయ్యడం మొదలుపెట్టారు. అమ్మకి అది చూస్తే భయం వేసింది. ఒక శనివారం సాయంత్రం నన్ను పిలిచి, తల దువ్వి, చొక్కా గుండీలు పెట్టి, 'వెళ్ళి మూడో బారక్ వాళ్ళని రేపు భోజనానికి పిలిచి రా' అంది. ఏ భోజనమమ్మా అన్నాను. 'మనింటి భోజనం' అంది.

మనిల్లంటే రెండు మంచాలు, తాడు మీద వేలాడే అమ్మ నీలం చీర. చుట్టాలు డ్రమ్ము దగ్గర తమ అన్నం తామే పట్టుకుని ఆ చీర దగ్గరికి వచ్చి నిలబడేవారు. అమ్మ ఎదురెళ్ళి, కాళ్ళకి నీళ్ళిచ్చి, వాళ్ళ చేతిలో పళ్ళెం అందుకుని, ఆ అన్నాన్ని మా గిన్నెలో పోసేసేది. ఇక అది మా అన్నం. డబ్బా మూతకి కర్ర బిగించి వడ్రంగి లీ గారు చేసిచ్చిన గరిటెతో, వాళ్ళ అన్నమే వాళ్ళకి కొసరి కొసరి వడ్డించేది. గుమ్మడికాయ వేస్తూ, 'గుత్తివంకాయండీ, ఇవాళ నూనె కాస్త ఎక్కువైంది, ఏమనుకోకండి' అనేది. నీళ్ళు పోస్తూ, 'వంజరం పులుసు, మా తమ్ముడు భీమిలి నుంచి పొద్దున్నే తెచ్చాడు' అనేది. అస్సాం నుంచి వచ్చిన చైనా ముసలమ్మలకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా కళ్ళు మూసుకుని వాసన పీల్చేవారు. నేను ప్రమాణం చేసి చెప్తాను, పులుసు వాసన వచ్చేది. ఎడారిలో, ఉప్పుగాలి కూడా.

'ఏటండీ, అలా సిగ్గుపడితే ఎలాగ, ఇంకొంచెం' అని అమ్మ గరిటె ఎత్తేది. వాళ్ళు పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి, 'చాలు, చాలు' అనేవారు. క్యాంపంతా నేర్చుకున్న మొదటి తెలుగు మాట అదే. ఒక ఆదివారం కాపలా జవాను వచ్చి ఏమిటీ గుంపని గద్దించాడు. అమ్మ వాణ్ణి కూడా కూర్చోమంది. వాడు కాసేపు అటూ ఇటూ చూసి, తుపాకీ తెర బయట ఆనించి, బూట్లు విప్పి వచ్చి కూర్చున్నాడు. మరుసటి వారం జేబులో రెండు ఉల్లిపాయలు తెచ్చాడు, చుట్టపుచూపుకి వచ్చినవాడిలాగా.

అందరిలోకీ అమ్మకి ఇష్టమైన చుట్టం లీలావతి. ఆ పిల్ల పళ్ళెం అద్దంలా ఖాళీ చేసేది. ఒక్కసారి కూడా చాలు అనేది కాదు. అమ్మ నవ్వుతూ మళ్ళీ వడ్డించేది. ఆగస్టులో అమ్మ జ్వరంతో పోయేదాకా, తొమ్మిది నెలలు, మా ఇంటికి చుట్టాలు రాని ఆదివారం లేదు."

ఇదీ లీలా నేను రాసింది. ఇందులో నీకు తలవంపు ఏముంది? నువ్వు నవ్వుతూ తింటున్నావు, అమ్మ నవ్వుతూ పెడుతోంది. అమ్మ ముఖం నేను మర్చిపోతున్నాను. నిన్ను చూసి నవ్వే ముఖమొక్కటే మిగిలింది. దాన్ని తీసెయ్యమంటావా?

అన్నయ్య

—

షాంటిలీ,
మే 20

అన్నయ్యా,

నువ్వు రాసింది నాలుగు వారాలు సొరుగులో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను. చాలా బాగా రాశావు. అందుకే ఇప్పుడు చెప్పక తప్పడం లేదు.

నేను చాలు ఎందుకు అనలేదో నీకు తెలియదు.

మా నాయనమ్మ నేర్పిన పద్ధతి ఏమిటంటే, ఎవరింట్లో తిన్నా గిన్నెలో ఒక్క మెతుకు మిగల్చకూడదు. మిగిలిస్తే ఆ ఇల్లాలిని అవమానించినట్టు. మీ అమ్మ, నేను పెద్దమ్మా అనేదాన్ని కదా, ఆవిడ పద్ధతి, చుట్టం పళ్ళెం ఖాళీగా కనపడకూడదు. కనపడితే ఇల్లాలికి అవమానం. పెద్దమ్మ వేసేది, నేను ఖాళీ చేసేదాన్ని. ఖాళీ అయింది గనక ఆవిడ వేసేది, వేసింది గనక నేను తినేదాన్ని. ఇద్దరం మర్యాదే చేశాం. ఎవరో ఒకరు మర్యాద తప్పితే తప్ప అది ఆగదు.

తెలియక జరిగిందనుకుంటే నాకు ఏ బాధా ఉండేది కాదు. కానీ నేను వైజాగ్‌లో పుట్టినదాన్ని. క్లాసులో ఉన్న ప్రతి పిల్ల ఇంట్లోనూ తిన్నాను. రెండో గరిటెకి చెయ్యి అడ్డం పెట్టాలని నాకు తెలియదా? ప్రతి ఆదివారం, ఆ తెర దాటాక, నేను కావాలని చైనా పిల్లనైపోయేదాన్ని. చాలు అనే మాట రానట్టు ముఖం పెట్టేదాన్ని. ఎందుకంటే ఆకలేసేది అన్నయ్యా. ఒక్క గరిటెకి నాది అయిపోయేది. రెండో గరిటె ఎవరిదో నాకు తెలుసు. ఆ గిన్నెలో మిగిలింది ఆవిడదే కదా.

జూలైలో ఆవిడ నా తల దువ్వుతుంటే మోచెయ్యి నా బుగ్గకి తగిలింది. ఎముక. ఆ ఆదివారం చాలు అనాలనుకుని వెళ్ళాను. ఆవిడ గరిటె ఎత్తింది. "తినవే తల్లీ, ఎదిగే పిల్లవి" అంది. నేను తినేశాను.

నలభై ఏళ్ళు హాస్పిటల్లో పనిచేశాను. తిండి లేని ఒంటిని జ్వరం ఎలా తీసుకుపోతుందో నువ్వు నాకు చెప్పక్కర్లేదు. పేషెంట్లు సగం తిని వదిలేసిన ట్రేలు తీసేటప్పుడు, చాలామంది నర్సులకి ఏమీ అనిపించదు. నేను ఒక్కో ట్రే దగ్గర ఆగేదాన్ని.

నీ పుస్తకంలో నేను నవ్వుతూ తింటున్నాను. నిజమే, నవ్వాను. దాన్ని అచ్చు వేస్తే చదివినవాళ్ళు, ఎంత మంచి పిల్ల అనుకుంటారు. అనూ ఎప్పుడైనా ఎవరి చేతైనా చదివించుకుంటే తనూ అనుకుంటుంది. నేను మోయలేనిది అదే.

ఇక నన్ను చూస్తే నీకు ఏమనిపిస్తుందో నాకు తెలియదు. ఉత్తరం రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

లీలావతి

—

శాన్ రామన్,
జూన్ 8

లీలా,

మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పర్సిస్ నా చెవి మిషనుకి బ్యాటరీ అయిపోయిందనుకుని కొత్తది వేసింది. చర్చిలో పాస్టరుగారు చెయ్యి కలిపితే స్తోత్రం చెప్పడం మర్చిపోయాను. నీ ఉత్తరానికి కాదమ్మా నాకు సిగ్గేసింది. నా పుస్తకానికి.

నేను రాయనిది ఒకటుంది. మంచి అన్నయ్యలా కనపడాలని రాయలేదు.

మనల్ని తీసుకెళ్ళిన రైలు ఒక స్టేషన్లో ఆగినప్పుడు జనం కిటికీల మీద రాళ్ళు వేశారు. నీకు గుర్తుండాలి. ఆ రోజునుంచి అమ్మకి ముద్ద దిగడం మానేసింది. నోట్లో పెట్టుకుంటే కక్కేసేది. గంజి రెండు గుక్కలు, అంతే. అన్నం వండిన చేతులు, అన్నం పెట్టిన చేతులు, తనదని ఒక ముద్ద నోటిదాకా ఎత్తలేకపోయేవి. మొదటి ఆదివారం చుట్టాల్ని పిలిచినప్పుడు నాన్న ఒక సంగతి కనిపెట్టాడు. ఎదుటివాళ్ళు తింటుంటే, వాళ్ళతో మాట్లాడుతూ మాట్లాడుతూ, అమ్మ తనకి తెలియకుండానే తన పళ్ళెంలోంచి ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. నాన్న నావైపు చూశాడు. నేను నాన్నవైపు చూశాను. ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

కానీ చుట్టాలందరూ మర్యాదస్తులు. ఒక్క గరిటెకే చాలు అనేవారు. వాళ్ళ చెయ్యి ఆగితే అమ్మ చెయ్యీ ఆగిపోయేది. పళ్ళెం పక్కకి నెట్టేసి, నాకు ఆకలి లేదురా అనేది. ఒక బారక్ వాళ్ళని ఇంకో బారక్‌లో కూర్చుని తిననిచ్చేది ఆదివారం ఒక్కరోజే. ఆ ఒక్కరోజూ ఇలా అయిపోతే ఎలా అని నాన్న తల పట్టుకున్నాడు.

అప్పుడు నువ్వు వచ్చావు. నువ్వు ఆపకుండా తిన్నావు. నువ్వు ఎంతసేపు తింటే అమ్మ అంతసేపు తింది.

ఆ తర్వాత ప్రతి శనివారం నీ దగ్గరికి వచ్చి, "అమ్మ నిన్ను తప్పకుండా రమ్మంది" అనేవాణ్ణి కదా. అమ్మ అనలేదు. ఆవిడ వారానికొక ఇంటిని పిలవమనేది. నిన్ను పిలిచింది నేను. అబద్ధం చెప్పి పిలిచాను.

గిన్నె సంగతి చెప్తాను, జాగ్రత్తగా చదువు. అమ్మ వాటా ఎప్పుడూ గిన్నెలో కలవలేదు. అది వేరే పళ్ళెంలో, మూత కింద, ఆవిడ పక్కన ఉండేది. నాన్నా నేనూ గంట కొట్టకముందే వరసలో నిలబడి, మా ఇద్దరి అన్నం తెచ్చి, చుట్టాలు రాకముందే గిన్నెలో వేసేసేవాళ్ళం. నీ రెండో గరిటె నాన్నది. మూడోది నాది. గిన్నె ఎప్పుడూ ఖాళీ కాకపోతే ఇల్లు నిండుగా ఉందని అమ్మ మురిసిపోయేది. మేం ముందే తినేశామని చెప్పేవాళ్ళం.

నిన్ను మందులాగా వాడుకున్నాను చెల్లెమ్మా. ఆకలి మీదున్న పిల్లని, దాని ఆకలి కోసమే పిలిచాను. నువ్వు ఎక్కడ చాలు అంటావోనని తెర పక్కన నిలబడి భయపడేవాణ్ణి. నువ్వు పళ్ళెం ఖాళీ చేసిన ప్రతిసారీ దేవుడికి స్తోత్రం చెప్పుకునేవాణ్ణి. జూలైలో నువ్వు చాలు అని ఉంటే, ఆవిడకి ఆ ఆదివారమూ ఉండేది కాదు.

జ్వరం ఆ క్యాంపులో బాగా తిన్నవాళ్ళనీ తీసుకుపోయింది. నువ్వు నర్సువి, నీకే తెలుసు.

పుస్తకం పని ఆపమని పర్సిస్‌కి చెప్పాను. ఎందుకని అడిగింది. తప్పులున్నాయన్నాను.

సుందర్ రాజ్

—

షాంటిలీ,
జూలై 27

అన్నయ్యా,

ముందు నీ ఉత్తరం నమ్మలేదు. నీ సంగతి నాకు తెలియదా? అక్కడ ఒక్క తేలు కనపడితే పది చెప్పేవాడివి. ఇది కూడా నన్ను ఓదార్చడానికి అల్లిన కథ అనుకున్నాను. నాలుగు పేజీల్లో ఒక్కసారి కూడా నీకు కన్నీళ్ళు రాలేదు, అదొక్కటే నిజమేమోనని కాస్త అనుమానం తెప్పించింది. మామూలుగా అయితే మొదటి పేజీలోనే కాగితం తడిసిపోవాలి.

పోయిన మంగళవారం ఎడమవైపు పన్ను పీకించుకున్నాను. ఇక్కడి డెంటిస్టు కుర్రది, మంచి పిల్ల. నోట్లో ఏదో దూది పెట్టింది. ఆ వాసన ముక్కుకి తగలగానే నేను కుర్చీలో లేను. మీ తెర వెనకాల మంచం మీద ఉన్నాను, ఒళ్ళో పళ్ళెం ఉంది, నీలం చీరలోంచి ఎండ నీళ్ళలా కదులుతోంది, పెద్దమ్మ గాజు ఒకటి గరిటెకి తగిలి టింగుమంటోంది. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే ఆ పిల్ల కంగారుపడి, నొప్పిగా ఉందా అని అడిగింది. కాదు, అన్నం వాసనొస్తోంది అన్నాను. మత్తు ఎక్కువైందనుకుంది.

లవంగ నూనె అన్నయ్యా. మీ నాన్న క్యాంపులోకి దాచి తెచ్చిన చిన్న సీసా. అందరి పళ్ళూ దాంతోనే చూసేవాడు కదా, ఆయన చేతులు ఎప్పుడూ అదే వాసన. మొదటి గరిటెలో ఆ వాసన ఉండేది కాదు. అది నా అన్నం. రెండో గరిటెలో ఉండేది. ప్రతి ఆదివారం ఉండేది. పెద్దమ్మ ఏదో మసాలా వేసిందనుకునేదాన్ని, ఆవిడ చెప్పే పులుసుల్లాగే అదీ ఒకటనుకునేదాన్ని. అరవై రెండేళ్ళు ఆ అన్నం ఆవిడదనుకున్నాను. అది ఆయన చేత్తో తీసి వేసిన అన్నం.

కాబట్టి నమ్ముతున్నాను. నీ మాట కాదు, నా ముక్కుని.

దీంతో నా తప్పు పోయిందనుకోకు. నేను దొంగతనం చేశాననుకునే తిన్నాను. అది పెద్దమ్మది కాకపోవచ్చు, నా మనసు మాత్రం అదే. నువ్వు అబద్ధం చెప్పే పిలిచావు. ఇద్దరం ఆ తెర దగ్గర ఒకళ్ళకొకళ్ళం దొంగలమే. అయినా ఆ ఇంట్లో పెద్దమ్మా నేనూ అన్నం తిన్నాం.

పుస్తకం ఆపకు. ఏడో అధ్యాయం ఉండనీ, నా పేరు ఉండనీ. ఒక్కటే షరతు. దాని కింద నేను రాసిందీ వెయ్యాలి, నువ్వు దాచింది కూడా నువ్వు రాసి వెయ్యాలి. నేను రాసింది పదకొండు పేజీలు, దీంతో పంపుతున్నాను. ఒక్క అక్షరం దిద్దావా, విమానమెక్కి వచ్చి తంతాను, మోకాలు ఎలా ఉన్నా సరే.

అనూరాధ సంగతి అడుగుతావని తెలుసు. నిన్న ఆదివారం భోజనానికి వచ్చింది. వడ్డించాను. రెండోసారి గరిటె ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టి, "చాలమ్మా, డైట్‌లో ఉన్నా" అంది. ఎంత సులువుగా అందో! నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "వాట్ హాపెండ్ మా?" అంది. మోకాలు నొప్పి అన్నాను. దానికి తెలుగు చదవడం రాదు గనక పుస్తకంతో నాకేమీ భయం లేదు.

లీలావతి

—

శాన్ రామన్,
ఆగస్టు 6

లీలా, లీలా, లీలా!

చదివాను! నేను చదివాను, పర్సిస్ చదివింది, మళ్ళీ నాకు గట్టిగా చదివి వినిపించింది, రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుని విన్నాను! ఒక్క అక్షరం దిద్దలేదు. నీ పదకొండు పేజీల ముందు నాది పిల్లకాయ రాత. నేను దాచింది రాసేశాను, నాలుగు పేజీలయింది, అందులో తేలు ఒక్కటే. పర్సిస్ అట్ట మార్చేసింది. ఇప్పుడు అట్ట మీద రెండు పేర్లు: చెన్ సుందర్ రాజ్, లీ లీలావతి. అడక్కుండా నీ పేరు వేశామని తిట్టకు, తిట్టినా తియ్యం. అక్టోబరుకి వస్తుందిట. లవంగ నూనె దగ్గరికొచ్చేసరికి పర్సిస్ చదవలేక ఆపేసింది. నేను లేచి పెరట్లోకి వెళ్ళాను. కొండలు ఎండి బంగారంలా ఉన్నాయి. నాన్న ఎప్పుడూ మాట్లాడే మనిషి కాదు, అరవై రెండేళ్ళ తర్వాత నీ ముక్కు పట్టుకుని మాట్లాడాడు!

సరే, ఇప్పుడు అందరికీ చెప్పాలి. ఎవర్నైనా మర్చిపోతే మాటపడతాం, అందుకని రాస్తున్నాను. నీ వంతువి నువ్వు చూసుకో.

భీమిలిలో మా మేనమామ మనవడు షాలేం రాజు. వాళ్ళ తాత మనల్ని రైలెక్కిస్తుంటే చూసి ముఖం తిప్పుకున్నాడు. అయినా చెప్పాలి, ఆయన పేరు మంచిగానే రాశాను.

కోల్‌కతాలో మా చిన్నాన్న పిల్లలు. తెలుగు రాదు, ఫోటోలు చూసుకుంటారు.

టొరంటోలో మీ బాబాయి కూతురు మెయ్‌లింగ్. క్యాంపు పేరెత్తితే ఫోన్ పెట్టేస్తుందన్నావు. పెట్టేస్తే మళ్ళీ చెయ్యి.

డాలస్‌లో మా మరదలు ప్రిస్సిల్లా. ఆవిడకి చెబితే టెక్సస్ మొత్తానికి మనం చెప్పక్కర్లేదు.

మా ఎవాన్. పర్సిస్ కొడుకు, కాలేజీలో ఉన్నాడు. వాడికి నేనే చెప్తాను, వాడు అడిగేదాకా ఆగను. పర్సిస్ విషయంలో ఆగి బుద్ధొచ్చింది.

ఆష్‌బర్న్‌లో మీ మరిది శ్రీధర్. నీకు పదిహేను మైళ్ళ దూరంలో ఉండి, వదిన వైజాగ్ నుంచి నేరుగా అమెరికా వచ్చిందనే ఇప్పటికీ అనుకుంటున్నాడు.

అనూరాధ. ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు కాబట్టి పుస్తకం చెప్పదు, నేను చెప్పను, పర్సిస్ చెప్పదు. నువ్వే చెప్పాలి, ఎదురుగా కూర్చోబెట్టుకుని. అందరికంటే ముందు దానికే.